ప్యాకెట్ చూస్తే మొహం తిప్పుకునే అబ్బాయి: ఒక కేస్ స్టడీ

ముందే చెప్తున్నా, ఇందులో అబ్బాయి పేరు మార్చాను, వయసు కాస్త అటూ ఇటూ చేశాను, ఏ ఏరియా, ఏ స్కూలు, అమ్మానాన్న ఏం పని చేస్తారు అన్నవి వదిలేశాను. ముగ్గురూ చదివి సరే అన్నాకే బయట పెడుతున్నా. ఒక్క చోట మాత్రం వాడు "నేను అలా అనలేదు ఆంటీ" అన్నాడు, ఆ వాక్యం తీసేశా.

నేను మెల్‌బోర్న్‌లో టీనేజ్ పిల్లలకి కౌన్సెలింగ్ చేస్తాను. సిగరెట్, వేప్ (ఈ-సిగరెట్), మందు, గంజాయి, రోజూ ఇదే పని. మన తెలుగువాళ్ళు మా దగ్గరికి రావడం తక్కువ, వచ్చినా చివర్లో వస్తారు, వచ్చి "ఎవరికీ తెలియకూడదు మేడమ్" అని మొదలుపెడతారు. ప్లెయిన్ ప్యాకేజింగ్ (సిగరెట్ పెట్టెలన్నీ లోగో లేకుండా ఒకేలా ఉండాలన్న రూలు) మీద నాకున్న నమ్మకం ఈ కేసులో ఒకసారి బాగా దెబ్బతింది, తర్వాత వేరే రకంగా తిరిగొచ్చింది, అందుకే రాయాలనిపించింది.

అసలు ఈ ప్యాకెట్ ఏంటంటే

ఇక్కడ ఆస్ట్రేలియాలో 2012 డిసెంబర్ 1 నుంచి ఏ కంపెనీ సిగరెట్ పెట్టె అయినా ఒకటే రంగు. ఎండిపోయిన బురద లాంటి ముదురు గోధుమ రంగు, దాని మీద మెరుపు ఉండదు, లోగో ఉండదు, బ్రాండ్ పేరు అందరికీ ఒకే అక్షరాల్లో ఒకే సైజులో కింద చిన్నగా ఉంటుంది. ముందు వైపు 75 శాతం, వెనక 90 శాతం హెచ్చరిక, బొమ్మతో సహా. ప్రపంచంలో ఇలా చేసిన మొదటి దేశం ఇదే. ఆ రంగుని మొదట్లో ఆలివ్ గ్రీన్ అన్నారు, ఆలివ్ పండించే రైతులు మా పంట పేరు దీనికి పెడతారా అని గొడవ చేస్తే మాట మార్చుకున్నారు. కంపెనీలు హైకోర్టుకి (ఈ దేశంలో అన్నిటికంటే పై కోర్టు అదే) వెళ్ళి 2012 ఆగస్టులో ఓడిపోయాయి, కొన్ని దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థకి (డబ్ల్యూటీఓ) వెళ్తే 2018లో అక్కడా ఆస్ట్రేలియానే నెగ్గింది, 2020లో అప్పీల్లో కూడా.

మరి పిల్లల మీద పని చేసిందా అంటే, మార్పుకి ముందు 2011లో, తర్వాత 2013లో స్కూలు పిల్లల్ని అడిగిన సర్వేల్లో పెట్టెల మీద మోజు తగ్గిందని తేలింది. 2016లో ప్రభుత్వం చేయించిన సమీక్షలో, 14 ఏళ్ళు దాటినవాళ్ళలో పొగతాగేవాళ్ళ శాతం సుమారు మూడేళ్ళలో తగ్గిన దాంట్లో 0.55 పాయింట్లు ఈ ప్యాకెట్ మార్పుల వల్లేనని లెక్కగట్టారు. చిన్న అంకె లాగే ఉంటుంది కానీ దేశం మొత్తం మీద చూస్తే లక్ష మంది పైనే. పైగా నా పనికి సంబంధించినంతవరకు ముఖ్యం మానేసినవాళ్ళు కాదు, అసలు మొదలుపెట్టనివాళ్ళు. రోహన్ (మార్చిన పేరే) తరం పిల్లలు ఇక్కడ రంగుల పెట్టె కొట్లో చూసి ఎరగరు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 2011 నుంచే కొట్లలో సిగరెట్లు బయటికి కనపడకూడదు, అల్మారా తలుపు వెనకే.

ఎలా వచ్చాడు

2024 మే. పదిహేనేళ్ళు. స్కూలు బాత్‌రూమ్‌లో వేప్‌తో దొరికి మూడు రోజులు సస్పెండ్ అయ్యాడు. వాళ్ళమ్మగారు తీసుకొచ్చి కూర్చోగానే అన్న మాట ఇప్పటికీ గుర్తే: "మావాడు సిగరెట్ ప్యాకెట్ రోడ్డు మీద పడున్నా మొహం తిప్పుకునేవాడు మేడమ్, కారు సిగ్నల్లో ఆగినప్పుడు పక్కన ఎవడైనా తాగుతుంటే అద్దం ఎక్కించేవాడు, వాడెలా చేస్తాడు ఇలాంటి పని?" ఆవిడ ఏడవలేదు, నిజంగానే అర్థంకాక అడిగింది. నాకూ అదే ప్రశ్న.

రోహన్‌తో విడిగా మాట్లాడాను. మొదట గోప్యత రూల్ చెప్పాను, నీకో ఇంకొకరికో ప్రాణం మీదికొచ్చే విషయమైతే తప్ప ఇక్కడ మాట్లాడింది అమ్మానాన్నలకి వెళ్ళదు అని. నమ్మలేదు. తెలుగు ఆంటీ అంటే గుడిలోనో ఉగాది ఫంక్షన్‌లోనో అమ్మకి కనపడుతుంది కదా, వాడి భయం వాడిది. పేరుతో పిలవమన్నా, ఇక్కడ అందరూ అలాగే పిలుస్తారు, వాడికి నోరు రాలేదు, ఆంటీ అనే ఉండిపోయాను.

నికోటిన్ మీద ఎంత ఆధారపడ్డాడో చూడటానికి హుక్డ్ ఆన్ నికోటిన్ చెక్‌లిస్ట్ అని 10 ప్రశ్నలు ఉంటాయి, అందులో ఒక్కదానికి అవునన్నా పట్టు జారడం మొదలైందనే లెక్క. వీడు ఏడింటికి అవునన్నాడు. వేప్ దిండు కింద పెట్టుకుని పడుకుంటాడు, లేచిన ఐదు నిమిషాల్లో మొదటి దమ్ము. ఇదంతా చెప్పేసి చివర్లో చాలా మామూలుగా అన్నాడు, "కానీ నేను స్మోకర్‌ని కాదు ఆంటీ. సిగరెట్స్ ఆర్ గ్రాస్."

ఆ మాట నేను నోట్స్‌లో రాసుకున్నా, రాసుకుని తప్పుగా వాడాను.

తప్పులు, వరసగా

మొదటి తప్పు పాతదే. ఊపిరితిత్తులు, ఎదిగే మెదడు, నికోటిన్ మోతాదు, ఇవన్నీ రెండు సెషన్లు చెప్పాను. వినయంగా విన్నాడు, మన పిల్లలకి వినయంగా వినడం చిన్నప్పటినుంచే అలవాటు, అది చూసి మనం పని జరుగుతోందనుకుంటాం.

రెండోది ఇంకాస్త తెలివిగా చేశాననుకున్న తప్పు. సిగరెట్ అంటే వీడికి అసహ్యం ఉంది కదా, ఆ అసహ్యాన్నే వేప్ వైపు తిప్పితే సరిపోతుంది అనుకున్నా. ఆ బురద పెట్టె బొమ్మ, కుళ్ళిన కాలు ఉన్నది, టేబుల్ మీద పెట్టి, ఇందులో ఉన్న నికోటినే నీ జేబులో ఉన్నదాంట్లోనూ ఉంది అన్నా. వాడు నన్ను జాలిగా చూశాడు. "అది అదీ, ఇది ఇదీ ఆంటీ." వాడి వేప్ లేత గులాబీ, నీలం కలిసిన రంగు, చేతిలో పెట్టుకుంటే హైలైటర్ పెన్ను అనుకుంటారు, పుచ్చకాయ వాసన. అసహ్యం అంతా పెట్టె మీద ఉంది, పొగ మీద గానీ నికోటిన్ మీద గానీ లేదు. పెట్టె ఏదైనా లోపలున్నది ఒకటే అని నేను చెప్తుంటే, పెట్టె మారితే వస్తువే మారిపోతుంది అన్నది వాడి లెక్క. నిజానికి కంపెనీలు వందేళ్ళుగా జనానికి నేర్పింది కూడా ఆ లెక్కేగా.

వీడొక్కడే కాదు ఇలా. 12 నుంచి 17 ఏళ్ళ స్కూలు పిల్లల్లో ఎప్పుడైనా ఒకసారి వేప్ చేసినవాళ్ళు 2017లో 14 శాతం, 2022–23లో 30 శాతం. సిగరెట్‌కి వేషం తీసేశాక వేషం ఉన్నది ఇంకోటి వచ్చింది.

మూడో తప్పు ఇంట్లో జరిగింది, కానీ నేను ఆపలేదు. వేప్ లాక్కున్నారు, ఫోన్ తీసుకున్నారు, చేతికి డబ్బులివ్వడం మానేశారు. అదే టైమ్‌కి 2024 జులై 1 నుంచి చట్టం మారింది, వేప్‌లు ఫార్మసీల్లో తప్ప ఎక్కడా అమ్మకూడదు, ఫ్లేవర్లు కూడా పుదీనా, మెంథాల్, పొగాకు అంతే. దొంగతనంగా దొరికేవాటి ధర పెరిగింది. నాకు లోపల సంతోషమే, దొరకదు కాబట్టి తగ్గుతుందిలే అనుకున్నా.

జులై చివర్లో ఒక గురువారం వచ్చి కూర్చుని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, పైక్లాస్ అబ్బాయి దగ్గర రెండేసి సిగరెట్లు కొంటున్నానని. ఇక్కడ మామూలు పెట్టె 40 డాలర్ల పైనే, వీళ్ళకి దొరికేవి పన్ను ఎగ్గొట్టి దొంగతనంగా తెచ్చినవి, పావు ధరకే వస్తాయి. సిగరెట్ గ్రాస్ అన్నావు కదరా అన్నా. "ఇది ఆ ప్యాకెట్ కాదు ఆంటీ. గోల్డ్ కలర్ది. మామయ్య వాళ్ళింట్లో ఉండేదాని లాగా ఉంటుంది."

ఆ రోజు ఇంటికెళ్ళేటప్పుడు ట్రెయిన్‌లో నాకు నిజంగా దిగులేసింది. ఊహ తెలిసినప్పటినుంచి ఇక్కడ బురద పెట్టెలే చూసిన పిల్లాడు, ఒక్క బంగారు రంగు పెట్టె కనపడగానే పదేళ్ళ అసహ్యం అటు వదిలేశాడు.

అమ్మగారికి చెప్పాలా వద్దా అన్నది అప్పటి పెద్ద ప్రశ్న. ఆవిడ ఫోన్ చేసి "తగ్గిందా మేడమ్?" అని అడుగుతోంది. చెప్తే ఇంకా కట్టడి చేస్తారు, వీడు నాకు చెప్పడం మానేస్తాడు, తాగడం మాత్రం మానడు. చెప్పకపోతే నేను ఒక తల్లికి సగం నిజం చెప్తున్నట్టు. చెప్పలేదు. "ఇంకా టైమ్ పడుతుంది, ఈలోపు ఇంట్లో కొత్త శిక్షలేం వద్దు" అని మాత్రం అన్నా. ఇప్పుడైనా అదే చేస్తాను, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదని కూడా రాయాలి కదా.

టేబుల్ మీద నాలుగు పెట్టెలు

మా సూపర్‌వైజర్‌తో కేసు మాట్లాడాను. అంతా విని ఒక్కటే అడిగింది, పెట్టె గురించి ఇంత చెప్తున్నావు, వాడు మొట్టమొదట తాగినప్పుడు వాడి కళ్ళ ముందు ఏ పెట్టె ఉందో అడిగావా అని. అడగలేదు. వేప్‌తోనే మొదలైందని నా అంతట నేనే అనుకున్నాను.

తర్వాతి సెషన్‌కి ఖాళీ పెట్టెలు తెచ్చాను. ఇక్కడి బురద పెట్టె ఒకటి, ఇండియా నుంచి ఎవరో తెస్తే నా దగ్గర ఉండిపోయినది ఒకటి, వేప్ అట్ట డబ్బా, వాడు చెప్పిన బంగారు రంగుది. అలవాటు పడ్డ పిల్లాడి ముందు ఇవి పెట్టడం ప్రమాదమే, చూస్తేనే తాగాలనిపించొచ్చు, అందుకే అన్నీ ఖాళీవి పెట్టాను, ముందు వాణ్ణి అడిగాను, మధ్యలో ఎప్పుడైనా తీసేయమంటే తీసేస్తానన్నాను. ఈ పెట్టెలు మంచివా చెడ్డవా అని అడగలేదు. ఇది ఎవరి జేబులో ఉంటుందో చెప్పు అన్నాను. ఎందుకంటే మంచీ చెడూ అంటే వాడు స్కూల్లో నేర్చుకున్న జవాబు చెప్తాడు, మనిషిని చెప్పమంటే సొంత జవాబు చెప్పక తప్పదు.

బురద పెట్టె: "పెట్రోల్ బంక్ బయట చలిలో ఒక్కడే నిలబడి దగ్గే ముసలాయన." వేప్: "ఎవరిదైనా. మా క్లాస్‌లో సగం మందిది." బంగారు రంగుది: "డబ్బున్నవాళ్ళు." ఇండియా పెట్టె తీసుకుని చాలాసేపు తిప్పాడు. దాని మీద కూడా రెండు వైపులా 85 శాతం హెచ్చరికే, 2016 ఏప్రిల్ నుంచి అక్కడ అంతే, కానీ మిగిలిన 15 శాతంలో కంపెనీ రంగూ పేరూ ఉంటాయి. బొటనవేలితో బొమ్మ మూసేసి ఆ రంగు పట్టీ మాత్రం చూస్తూ, "బావ" అన్నాడు.

2023 డిసెంబర్ సెలవులకి హైదరాబాద్ వెళ్ళారు. మేనమామ కొడుకు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు, బుల్లెట్ బండి. రోజూ సాయంత్రం వీణ్ణి ఎక్కించుకుని ఇరానీ చాయ్ దగ్గరికి తీసుకెళ్ళేవాడు. ఇక్కడ స్కూల్లో వీడు చివరి బెంచీ, క్రికెట్‌లో టీమ్‌లో లేడు, అక్కడ బావ ఫ్రెండ్స్ అంతా "ఆస్ట్రేలియా తమ్ముడు" అని మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. ఉస్మానియా బిస్కెట్, చాయ్, తర్వాత బావ ఒక సిగరెట్ వెలిగించి సగం తాగి సగం వీడికిచ్చాడు. అదీ మొదటిది.

"ఏ బ్రాండ్?"

"తెలీదు."

"ఈ పెట్టేనా?"

"పెట్టె లేదు ఆంటీ. బావ పాన్‌డబ్బాలో రెండు కొనేవాడు, లూజ్."

పెట్టె లేదు. నేను ఆ మాట దగ్గర ఆగిపోయాను. 85 శాతం హెచ్చరిక, కుళ్ళిన నోరు బొమ్మ, అన్నీ ఆ పాన్‌డబ్బావాడి దగ్గరే ఉండిపోయాయి. వీడి చేతికి వచ్చిన సిగరెట్‌కి పెట్టె బావే. బుల్లెట్టు, చాయ్, తమ్ముడూ అన్న పిలుపు, అదీ దాని ప్యాకేజింగ్. తిరిగొచ్చాక జనవరిలో ఆ సాయంత్రాలు లేవు, ఫిబ్రవరిలో ఎవరో వేప్ ఇచ్చారు.

పెట్టెలు తీసేస్తుంటే బురద పెట్టె చూపించి, ఇది మీ ఇంట్లో ఎప్పుడైనా ఉందా అని మామూలుగా అడిగాను, ఫారంలో నింపాల్సిన ప్రశ్నే. "లేదు, నాన్నది స్టీల్ డబ్బా" అన్నాడు. అని నాలిక కరుచుకున్నాడు.

నాన్నగారు తాగరు అని ఫారంలో ఉంది.

స్టీల్ డబ్బా

ఈ రహస్యం ఇప్పుడు నా దగ్గర ఉంది. నేను వెళ్ళి నాన్నగారితో చెప్తే వీడు చెప్పాడని తెలిసిపోతుంది, చెప్పకుండా ఉంటే ఇంట్లో సిగరెట్ ఉన్న సంగతి పక్కన పెట్టి వీడొక్కడికే వైద్యం చేస్తున్నట్టు. వాణ్ణే అడిగాను ఏం చేద్దామని. రెండు వారాలు తీసుకున్నాడు. తర్వాత వాడే వాళ్ళ నాన్నని పిలిచాడు, నేను పక్కన కూర్చున్నా అంతే.

ఆయన నేను అనుకున్నట్టు కోప్పడలేదు. జేబులోంచి డబ్బా తీసి టేబుల్ మీద పెట్టాడు, వక్కపొడి డబ్బా లాంటిది, మూత మీద చిన్న నెమలి. గరాజ్‌లో రోజుకి మూడో నాలుగో తాగుతాడు. పెట్టె కొనగానే కారులోనే సిగరెట్లు ఇందులోకి మార్చి పెట్టెని పెట్రోల్ బంక్ చెత్తబుట్టలో పడేస్తాడు. ఎందుకండీ అంటే, "ఆ బొమ్మలు పిల్లలు చూస్తే భయపడతారని మేడమ్." కాసేపాగి, "నేనూ చూడలేను" అన్నాడు.

ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది అప్పుడు. ప్లెయిన్ ప్యాకెట్ ఆయన మీద పని చేసింది, చూడలేకపోయాడు. కానీ చూడకుండా ఉండే దారి కూడా ఆయనే కనిపెట్టుకున్నాడు. ప్యాకెట్ మారిన కొత్తలో ఇక్కడ చాలామంది ఇలా డబ్బాలూ కవర్లూ కొనుక్కున్నారు. కొడుకు మాత్రం అక్కడే కూర్చుని అన్నాడు, "అది కూల్‌గా ఉండేది నాన్నా. నేను ఓసారి ఖాళీది తీసుకుని స్కూలుకి పట్టుకెళ్ళా." ఆయన తల పట్టుకున్నాడు.

అక్కడినుంచి

మిగతాది మామూలు పని, దాన్ని సాగదీయను. జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గరికి పంపాను, ఆయన చూసి నికోటిన్ లోజెంజెస్, అంటే చప్పరించే బిళ్ళలు రాశారు, ఈ వయసులో డాక్టర్ చూడకుండా సొంతంగా కొనిపించొద్దు. మానే రోజు సెప్టెంబర్ సెలవుల్లో మొదటి సోమవారం అని వాడే పెట్టుకున్నాడు, స్కూల్లో ఉండగా మొదటి మూడు రోజుల చిరాకు తట్టుకోలేనని. అది వాడి ఆలోచనే, నాకంటే బాగా ఆలోచించాడు. అమ్మగారికి ఒక్క పనే అప్పగించా, ఆ మూడు రోజులు వాడు విసుక్కున్నా అరిచినా క్లాసు పీకొద్దు అని. "అదొక్కటీ నా వల్ల కాదు మేడమ్" అంది. కానీ చేసింది. ఫ్రిజ్‌లో చల్ల మజ్జిగ సీసాలు పెట్టి ఉంచిందట, తాగాలనిపించినప్పుడల్లా వాడు ఒకటి తీసుకుని పెరట్లోకి వెళ్ళేవాడట, ఆ కోరిక ఐదు పది నిమిషాల్లో దిగిపోతుంది, సీసా అయ్యేలోపు. తొమ్మిదో రోజు జారాడు, ఒక సాయంత్రమంతా వేప్. మర్నాడు నాకు చెప్పాడు. చెప్పాడన్నదే నాకు ముఖ్యం.

నాన్నగారు మానడానికి సాయం చేసే క్విట్‌లైన్ 13 7848కి ఫోన్ చేశారు. మానే దాకా సిగరెట్లు డబ్బాలోకి మార్చకుండా కంపెనీ పెట్టెలోనే ఉంచుకుంటానని కొడుకుతో ఒప్పందం. ఆ పెట్టె గరాజ్‌లో షెల్ఫ్ మీద అందరికీ కనపడేలా ఉండేది. నవంబర్ చివరికి మానేశారు, ఈ ఇద్దరిలో ఎవరు ఎవరిని లాక్కొచ్చారో నేను చెప్పలేను.

నాకు అసలు భయం డిసెంబర్. మళ్ళీ హైదరాబాద్. ముందు మూడు సెషన్లు అదే ప్రాక్టీస్ చేశాం, నేను బావని. "అరే ఏందిరా, ఒక్కటే కదా, పట్టు" అని నేనంటే పగలబడి నవ్వాడు, గోదావరి జిల్లా నోటికి హైదరాబాద్ మాట ఎలా ఉంటుందో వాడికీ తెలుసు. బావ చెడ్డవాడు అని నేను ఒక్కసారి కూడా అనలేదు. బావని వదులుకోమంటే వాడు నన్ను వదులుకుంటాడు. చాయ్, బండి, కబుర్లు ఉంచుకో, ఒక్క సిగరెట్ దగ్గర ఏం చేస్తావో చూద్దాం అన్నాం.

ఈ కేసు తర్వాత నా మొదటి సెషన్ ప్రశ్నలు మారాయి. ఎన్ని తాగుతావు అనే ముందు, మొదటిది ఎవరిచ్చారు, పెట్టె చూశావా అని అడుగుతున్నా. చాలామంది చూడలేదనే అంటున్నారు. ఇక్కడ 2025 జులై నుంచి కొట్లో అమ్మే ప్రతి సిగరెట్ మీదే హెచ్చరిక అచ్చేసి ఉండాలి, కెనడా ముందే చేసింది. ఆ వార్త విన్నప్పుడు మరీ అతి అనుకున్నాను, ఇప్పుడు అనుకోను. ఇంకో సంగతి కూడా అనాలి, బురద పెట్టె వల్ల లాభం లేదని ఈ కేసు నుంచి ఎవరైనా అంటే ఒప్పుకోను. ఇంత జరిగినా రోహన్ ఒక్కసారి కూడా ఆ పెట్టెలోంచి తీసి తాగలేదు. దాన్ని తప్పించుకుని వచ్చిన ప్రతీదీ తాగాడు.

జనవరి మొదటి వారంలో ఒక రాత్రి వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. పాన్‌డబ్బా చెక్క మీద ఒక సిగరెట్ పెట్టె, పైన బొమ్మ, పక్కన ఎవరిదో చాయ్ గ్లాసు. కింద వాడి మెసేజ్: మూడో రోజు ఒక సగం తాగాను ఆంటీ, సారీ. ఇవాళ బావ ఇస్తే వద్దని, ఇది ఏ పెట్టెలోదో చూపించమని కొట్టాయన్ని అడిగా. ఆయన నవ్వి చూపించాడు. బావ కూడా ఇదే మొదటిసారట దగ్గరగా చూడటం. పెట్టె మీద 1800-11-2356 అని ఉంది, అదేంటని అడుగుతున్నాడు.

మానడానికి సాయం చేసే నంబర్, డబ్బులు పడవు, అని రాసి పంపాను. రెండు నీలం టిక్కులు వచ్చాయి. జవాబు మర్నాడు వచ్చింది, చార్మినార్ దగ్గర ఇద్దరూ దిగిన సెల్ఫీ, ఏమీ రాయకుండా.